క్వాంటం వ్యాలీకి కంప్యూటర్ ఒక్కటే చాలదు, క్రిస్టల్ ల్యాబ్ కూడా కావాలి

అమరావతిలో క్వాంటం కంప్యూటింగ్ కోసం పెడుతున్న క్వాంటం వ్యాలీ గురించి బెజవాడలో ఎవర్ని కదిపినా ఐబీఎం మెషిన్, 156 క్యూబిట్లు (క్వాంటం సమాచారపు యూనిట్లు), ఉద్యోగాలు, ఇవే మాటలు. రానివ్వండి, మంచిదే. కానీ అది వేరేవాళ్లు చేసిన మెషిన్. మన చేతుల్తో మనమే చేయగలిగే క్వాంటం పని ఇంకోటుంది, రేర్ ఎర్త్ (యూరోపియం లాంటి లోహాలు) కలిపిన క్రిస్టల్స్‌లో పరమాణు కేంద్రకాల బుల్లి అయస్కాంతాల్ని, అంటే న్యూక్లియర్ స్పిన్‌లని లేజర్‌తో చదవడం.

క్వాంటం సమాచారం చెదిరిపోకుండా దాచడమే అసలు కష్టం. 2015లో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ వాళ్లు యూరోపియం కలిపిన యిట్రియం ఆర్థోసిలికేట్ క్రిస్టల్‌లో, 2 కెల్విన్ (సుమారు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్) చలిలో, స్పిన్ కోహెరెన్స్, అంటే ఆ సమాచారం చెదరకుండా ఉండటం, ఆరు గంటలు నిలుస్తుందని చూపించారు. ఆరు గంటలండీ! చుట్టూ ఉన్న యిట్రియం కేంద్రకాలు తిరగబడుతూ యూరోపియం స్పిన్‌ని కదిలిస్తుంటాయి, అయితే అయస్కాంత క్షేత్రాన్ని సరిగ్గా ఒక విలువలో, ఒక దిశలో పెడితే ఆ కదలికలకి స్పిన్ ఫ్రీక్వెన్సీ దాదాపు చలించదు. ఆ దిశ ఎటో లెక్క తేలాలంటే స్పెక్ట్రోస్కోపీయే, అంటే ఏ ఫ్రీక్వెన్సీ వెలుగు ఎంత పీల్చుకుంటుందో కొలవడమే, దిక్కు.

అదెలా చేస్తారో చూడండి. క్రిస్టల్‌లో ఒక్కో అయాన్ చుట్టుపక్కల కాస్త తేడా ఉంటుంది, దాంతో శోషణ రేఖ గిగాహెర్ట్జ్‌ల మేర పరుచుకుని స్పిన్ వివరాలన్నీ దాని కింద కప్పబడిపోతాయి. 580 నానోమీటర్ల దగ్గర పసుపు లేజర్‌ని ఒకే ఫ్రీక్వెన్సీ మీద కదలకుండా నిలబెడితే దానికి సరిపోయే అయాన్లు మాత్రమే వెలుగు పీల్చుకుని వేరే స్పిన్ మెట్టులోకి జారిపోతాయి, రేఖలో అక్కడ ఒక బొక్క పడుతుంది, లేజర్‌ని అటూ ఇటూ జరిపితే పక్కన ఇంకొన్ని బొక్కలు, గుట్టలు బయటపడతాయి, వాటి దూరాల్లోనే స్పిన్ మెట్ల లెక్కంతా ఉంది. యూరోపియం-151కి అవి సుమారు 34.5, 46.2 మెగాహెర్ట్జ్. ఆ వెలుగు ఫ్రీక్వెన్సీలో కోటోవంతు కూడా కాదు, అయినా దొరుకుతుంది!

అంత చలికి కావాల్సిన హీలియం ఖర్చు, ఉద్యోగాలు రావు అంటారు కొందరు. ఖర్చు నిజమే. కానీ లేజర్‌ని స్థిరంగా నిలబెట్టడం, క్రయోస్టాట్ (అంత చలిని నిలబెట్టే పరికరం) నడపడం వచ్చిన కుర్రాడికి ఏ క్వాంటం ల్యాబ్‌లోనైనా పనుంటుంది.

పైగా మనం సున్నా నుంచి మొదలెట్టక్కర్లేదు. గుంటూరు రోడ్డులో నాగార్జున యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్లు రేర్ ఎర్త్ కలిపిన గాజు పదార్థాల మీద ఏళ్లుగా పరిశోధన చేస్తున్నారు. రేర్ ఎర్త్‌లుండే మోనజైట్ ఖనిజం నిల్వలు దేశంలో ఎక్కువగా ఉన్నది మన రాష్ట్రంలోనే. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు వీటిని వదిలేసి బయటికి చూస్తున్నాం.

అసలు జబ్బు ఇంకా కింద ఉంది. గుంటూరు, విజయవాడ పిల్లలు ర్యాంకుల కోసం హైడ్రోజన్ వర్ణపటం బట్టీ పడతారు, ఆ రేఖల్ని కంటితో చూసినవాళ్లు ఎందరు? ప్రాక్టికల్స్ అంటే రికార్డు రాయడమేనా? ఎమ్మెస్సీ ఫిజిక్స్ అంటే ఇంజినీరింగ్ సీటు రానివాళ్లకన్న చులకన పోనంతకాలం ఎన్ని మెషిన్లు తెచ్చినా మనం యూజర్లమే.

నేషనల్ క్వాంటం మిషన్‌కి 2023లో కేంద్రం 6,003 కోట్లు ఒప్పుకుంది. అందులోంచి ఒక క్రయోస్టాట్, ఒకే ఫ్రీక్వెన్సీ మీద నిలిచే ఒక లేజర్, క్రిస్టల్ పెంచే ఫర్నేస్ నాగార్జున యూనివర్సిటీ ఉన్న నాగార్జున నగర్‌కి ఇప్పించమని మన ఎంపీలు ఢిల్లీలో గట్టిగా అడగాలి, ఈ ఏడాదే అడగాలి.