మామ్మల చీరల్లో రంగు ఎవరు తీసేశారు?

ఈమధ్య విశాఖ ఆర్కే బీచ్‌లో ఫొటోషూట్లు చేయించుకునే అమ్మాయిలు పాతకాలం మామ్మల్లా ముస్తాబవుతున్నారు. నేత చీర, మోచేతుల దాకా రవిక, ముక్కుకి బేసరి, రూపాయి కాసంత బొట్టు. చూడ్డానికి బాగుంటుంది, కాదనను. కానీ అవి చూసి ‘ఆ కాలం పెద్దవాళ్ళ నిండుదనమే వేరు’ అంటుంటే మాత్రం నాకు మనసు ఒప్పదు.

మా ఇంట్లో మామ్మది ఒకే ఒక్క ఫొటో ఉంది. తాతయ్య పోయాక వన్‌టౌన్‌లో ఒక స్టూడియోలో తీయించింది. తెల్లచీర, నెత్తి మీదుగా కప్పిన కొంగు. రవిక లేదు, ఆ కొంగునే భుజాల చుట్టూ తిప్పి రొండిన దోపుకుంది. కమ్మలు తీసేసిన చెవులకు సాగిపోయిన చిల్లులు. ముసలావిడ ఫొటో అనుకుంటూనే పెరిగాను నేను. చాలా ఏళ్ళ తర్వాత లెక్కేస్తే తేలింది, అప్పటికి మామ్మ వయసు నలభై రెండు.

అసలు సంగతి ఇదే. వయసు మీద పడ్డాక ఆడవాళ్ళ బట్ట మారిందని మనం అనుకుంటాం గానీ, చాలా ఇళ్ళలో బట్ట మార్చేసి మనిషిని ముసలిదాన్ని చేశారు. వితంతు వివాహ చట్టం 1856లోనే వచ్చింది, రాజమండ్రిలో వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించారు, అయినా ఇరవయ్యో శతాబ్దంలో కూడా తల గొరిగించి ముతక పంచె కట్టబెట్టిన బామ్మలు మన అగ్రహారాల్లో ఉన్నారు. భర్త ఉన్నావిడకైనా కోడలు కాపరానికి వచ్చిందంటే పువ్వుల చీరలు పెట్టెలోకి పోయేవి. ఇక వంకాయ రంగు, ఇటుక రంగు, కాఫీపొడి రంగు. ‘ఈ వయసులో షోకులేంటి’ అన్న ఒక్క మాట చాలు.

అందరి కథా ఒకటి కాదు. బెస్తవాళ్ళుండే పెద జాలారిపేట నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే పెద్దామెల చీర పిక్కల దాకా ఎగ్గట్టి, నడుముకి బిగించి ఉండేది. రొండిన చిల్లర డబ్బుల సంచి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట, అదే అడ్డపొగ. తడి ఇసకలో నడిచే మనిషికి కుచ్చిళ్ళు పాదాల మీదకి జారితే ఎలా కుదురుతుంది? పనిని బట్టి కట్టు. కష్టం చేసుకు బతికే చాలా కులాల్లో మారుమనువులు ఉండేవి, భర్త పోయినా చాలామంది రంగు చీరే కట్టేవారు, బొట్టూ గాజులూ పోయినా సరే. లేమి కూడా అందులో ఉంది. ఉన్నవే రెండు చీరలైతే తెల్లది వేరే ఎవరు కొంటారు?

తెలుపులో తప్పేమీ లేదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి శుభ్రం చేసి, వడికి నేసే సన్న ఖద్దరు చూడండి. స్వాతంత్ర్యోద్యమంలో ఎంతోమంది ఆడవాళ్ళు తెల్ల ఖద్దరు కోరి కట్టుకున్నారు. మా మామ్మ తెల్లచీర ఎవరో పెట్టింది. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి, అందుకే ఫొటోల్లో మోసపోతాం.

బట్ట కరువు సంగతి కూడా మర్చిపోకూడదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాక జనం మూటలు కట్టుకుని పల్లెలకి పోయారు, ఆ మరుసటి ఏడాది బట్టల మీద కంట్రోలు వచ్చింది. ‘కంట్రోలు బట్ట’ అన్న మాట మామ్మ నోట చివరిదాకా పోలేదు. చిరిగిన చీరని రెండుగా చించి, బాగున్న అంచుల్ని కలిపి కుట్టుకునేది. మనం నిరాడంబరత అని మెచ్చుకునే దాంట్లో ఈ కుట్లు ఎన్ని ఉన్నాయో.

తర్వాత నైలాన్లు, వాయిళ్ళు వచ్చాయి, ఉతికితే గంటలో ఆరేవి. ఇంకొన్నేళ్ళకి నైటీ వచ్చింది. నైటీ మీద తువ్వాలు వేసుకుని కూరగాయల బండి దగ్గర నిలబడ్డ పెద్దావిడని చూసి నవ్వేవాళ్ళంటే నాకు కోపం. విశాఖ ఉక్కలో ఐదున్నర మీటర్ల చీర, లంగా, బిగుతు రవికతో వంటింట్లో ఉండి చూడండి. నా లెక్కలో, నిన్నటి శతాబ్దం మొత్తంలో పెద్ద వయసు ఆడది ఎవరినీ అడక్కుండా, తన ఒంటి సుఖం కోసం ఎంచుకున్న మొదటి బట్ట అది.

నాన్న పోయినప్పుడు బంధువులావిడ ఒకరు అమ్మకి లేత బూడిదరంగు చీర తెచ్చి పెట్టింది. అమ్మ ఏమీ అనలేదు, మడత విప్పకుండా బీరువాలో పెట్టేసింది. కొన్ని నెలల తర్వాత ఒక ఉదయం చిలకాకుపచ్చ మీద పెద్ద పెద్ద పువ్వుల నైటీ వేసుకుని గేటు దగ్గరికెళ్ళింది. గంప దించిన చేపలామె, ఆమెకీ డెబ్బై దాటి ఉంటాయి, బేరం ఆపి చూసింది.

“కొత్తదేటమ్మా? రంగు బాగుంది. ఎక్కడ కొన్నావు?”

“పూర్ణా మార్కెట్లో. నీ సైజూ ఉంటుంది, కావాలంటే చెప్పు,” అంది అమ్మ.