తొక్కితేనే సాయపడే మోటారుకు వాహన బీమా ఎందుకు?

మోటారు వాహనం ఎవరినైనా గుద్దితే బాధితుడికి పరిహారం అందాలి. థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది అందుకే. ఈ-సైకిల్‌కూ మోటారు ఉంది కాబట్టి దానికీ ఈ బీమా ఉండాలన్న వాదన యూరప్‌లో కొన్నేళ్లుగా నలుగుతోంది. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ మోటారు చేసే పనేమిటో చూస్తే మాత్రం ఆ వాదన నిలబడదు.

అక్కడ సైకిల్‌గా చెల్లాలంటే మోటారు నిరంతర సామర్థ్యం 250 వాట్లు దాటకూడదు. తొక్కుతున్నంతసేపే సాయం అందాలి. వేగంతోపాటు ఆ సాయం తగ్గుతూ వచ్చి, గంటకు 25 కిలోమీటర్ల దగ్గర పూర్తిగా ఆగిపోవాలి. అంతకుమించి వెళ్లాలంటే కాళ్ల బలమే దిక్కు.

అసలు ఈ వివాదం మొదలైంది సైకిల్‌తో కాదు, ట్రాక్టర్‌తో. స్లోవేనియాలో ఒక పొలం ఆవరణలో ట్రాక్టర్ వెనక్కి వస్తూ నిచ్చెనకు తగలడంతో ఒక మనిషి కిందపడ్డాడు. ఆ ప్రమాదానికీ మోటారు బీమా వర్తిస్తుందని 2014లో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం తేల్చింది. దాంతో ఈ-సైకిల్ కూడా ఆ పరిధిలోకి వస్తుందా అన్న ప్రశ్న లేచింది. 2021లో సవరించిన యూరోపియన్ యూనియన్ మోటారు బీమా ఆదేశం దానికి గీత గీసింది. ‘కేవలం యాంత్రిక శక్తితో’ నడుస్తూ, గంటకు 25 కిలోమీటర్లకు మించిన వేగంతో వెళ్లగలిగేదే వాహనం. బరువు 25 కిలోలు దాటితే 14 కిలోమీటర్ల వేగం మించినా చాలు. ఇక్కడ కీలకం ‘కేవలం’ అన్న మాట. కాలు కదపకుండా కదలని బండి ఈ నిర్వచనంలో ఇమడదు.

2023 అక్టోబర్‌లో వచ్చిన బెల్జియం కేసు తీర్పు ఇంకా ముఖ్యమైనది. కారు ఢీకొని ఒక ఈ-సైకిల్ ప్రయాణికుడు తీవ్రంగా గాయపడి, నెలల తర్వాత చనిపోయాడు. ఆ సైకిల్‌కు గంటకు 20 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లే బూస్ట్ బటన్ ఉంది. అయితే ముందు తొక్కితేనే అది పనిచేస్తుంది. అలాంటిది బీమా ఆదేశం చెప్పే వాహనం కాదని అదే యూరోపియన్ న్యాయస్థానం అంది. అక్కడ ఆ ప్రశ్న ఎందుకు ముఖ్యమైందో గమనించాలి. బెల్జియం చట్టం పాదచారులకు, సైకిల్ తొక్కేవారికి తప్పొప్పుల ప్రసక్తి లేకుండా పరిహారం ఇప్పిస్తుంది. మోటారు వాహనం నడిపేవారికి ఆ రక్షణ లేదు. ఈ-సైకిల్‌ను మోటారు వాహనం అనేస్తే, కారు కింద పడ్డ మనిషే ఆ హక్కు కోల్పోతాడు. బాధితుల కోసమంటూ తెచ్చే నియమం బాధితుడికే ఎదురు తిరుగుతుంది. నా దృష్టిలో ఈ ఒక్క కారణం చాలు.

ప్రమాద తీవ్రత లెక్కా చూద్దాం. మనిషి, సైకిల్ కలిపి 100 కిలోలు అనుకుంటే, 25 కిలోమీటర్ల వేగంలో గతిశక్తి సుమారు 2,400 జౌళ్లు. అదే వేగంలో 90 కిలోల మామూలు సైకిల్ జోడీకి దాదాపు 2,200. పెద్ద తేడా లేదు. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే 1,200 కిలోల కారుకైతే 1,15,000 పైనే. 45 కిలోమీటర్ల దాకా సాయపడే ఈ-సైకిల్, అంటే స్పీడ్ పెడెలెక్ సంగతి వేరు: శక్తి మూడు రెట్లు దాటుతుంది. జర్మనీ, స్విట్జర్లాండ్ దానికి బీమా, నంబర్ ప్లేటు అడగడం న్యాయమే.

నిజమైన ముప్పు కంట్రోలర్‌ను, అంటే మోటారు సాయాన్ని అదుపుచేసే పరికరాన్ని మోసగించిన సైకిళ్లతోనే. చాలా మోడళ్లలో వెనక చక్రం పుల్లకు చిన్న అయస్కాంతం, ఫ్రేమ్‌కు సెన్సర్ ఉంటాయి. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక సంకేతం. చక్రం చుట్టుకొలతను సెకనుకు వచ్చే సంకేతాల సంఖ్యతో గుణించి కంట్రోలర్ వేగం లెక్కిస్తుంది. 2,200 మిల్లీమీటర్ల చక్రానికి సెట్టింగ్‌లో 1,500 అని పెడితే, అసలు వేగం 36 దాటాక గానీ 25 వచ్చిందనుకోదు. మధ్యలో చిన్న డాంగిల్ పెట్టి సంకేతాలను సగానికి తగ్గిస్తే పరిమితి 50కి చేరుతుంది. ఆ వేగానికి బ్రేకులు, ఫ్రేమ్ సరిపోతాయన్న భరోసా లేదు. వీళ్లను పట్టడానికి అందరికీ పాలసీ అంటగడితే ఫలితం ఉండదు. మార్చిన బండికి ఆ పాలసీ అక్కరకొస్తుందన్న నమ్మకమూ లేదు. నెదర్లాండ్స్ పోలీసుల్లా రోలర్ బెంచ్ మీద చక్రం తిప్పి అసలు వేగం కొలవాలి, డాంగిళ్ల అమ్మకాలను అడ్డుకోవాలి.

మరి ఈ-సైకిల్ గుద్ది నడిచే మనిషి కాలు విరిగితే? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. మామూలు సైకిల్ గుద్దినా విరిగేది అదే కాలు, ఆసుపత్రి ఖర్చూ అదే. కాబట్టి బీమా బండికి కాదు, మనిషికి ఉండాలి. స్విట్జర్లాండ్ ఒకప్పుడు ప్రతి సైకిల్‌కూ బీమా స్టిక్కర్ తప్పనిసరి చేసి, 2012 నుంచి ఎత్తేసింది. ఇప్పుడు ఆ భారాన్ని మోసేది ఇంటిల్లిపాదికీ వర్తించే వ్యక్తిగత బాధ్యత బీమా. ఈ-సైకిల్ కొనేవారు తమ పాలసీలో మూడు సంగతులు చూసుకోవాలి: 25 కిలోమీటర్ల పరిమితి ఉన్న ఈ-సైకిల్ వర్తిస్తుందని రాసి ఉందా, పిల్లలు తొక్కినా చెల్లుతుందా, తొక్కకుండా నడిపే థ్రాటిల్ ఉంటే మినహాయిస్తారా. మూడోదానికి జవాబు స్పష్టంగా లేకపోతే, సైకిల్ కొనకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.