బటన్ నొక్కితే వచ్చేది ఎవరి బిల్డ్?

2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారాయి. చాలా సరుకులు 12 నుంచి 5 శాతానికి, 28 నుంచి 18కి దిగాయి. ఒడిశాలోని రాయగడలో మేం ముగ్గురం కలిసి కిరాణా కొట్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తాం. పన్ను రేటును నేరుగా కోడ్‌లోనే రాసిపెట్టాం (ఆ తెలివితక్కువ పని సంగతి ఇంకోసారి), కాబట్టి రేటు మారితే కొత్త జార్ ఫైలు (జావా ప్రోగ్రామును మూటగట్టిన ఫైలు) పంపాల్సిందే. ముందురోజు మహాలయ అమావాస్య. రోజూ బిల్డ్ చేసే, అంటే కోడ్ నుంచి ఆ జార్ కట్టే మిత్రుడు పితృకార్యానికి పర్లాకిమిడి వెళ్లాడు. కోడ్ రాసుకునే ఐడీఈ సాఫ్ట్‌వేర్ ఎక్లిప్స్ నా దగ్గరా ఉందిగా అని, అందులో జార్ తయారుచేసే ఎక్స్‌పోర్ట్ బటన్ నేనే నొక్కి గుణుపురంలోని ఒక కొట్టుకు పంపాను.

పొద్దున్నే ఫోన్. ‘ఏటి బాబూ, మా కొట్టు పేరు ఏ భాషలో వస్తంది?’

పన్ను సరిగ్గానే పడింది. బిల్లు పైన ఒడియాలో, తెలుగులో ఉండాల్సిన పేరు మాత్రం నెత్తిన గీతలున్న ఇంగ్లీషు ‘ఎ’ల వరస అయిపోయింది. మా సోర్స్ ఫైళ్లు (మేం రాసిన కోడ్) యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా దాచే ఒక పద్ధతిలో ఉంటాయి. మిత్రుడు ఎప్పుడో తన ఎక్లిప్స్ వర్క్‌స్పేస్‌లో ఆ సెట్టింగ్ పెట్టి మరిచిపోయాడు. విండోస్‌లో నడిచే నా పాత ఎక్లిప్స్‌కు ఆ సంగతి తెలియదు. యూటీఎఫ్-8లో ఒడియా అక్షరమైనా తెలుగు అక్షరమైనా మూడేసి బైట్లు. నా ఎక్లిప్స్ ఒక్కో బైటునూ ఒక్కో అక్షరంగా చదివింది. మొదటి బైటు రెండు లిపులకూ ఒకటే, అందుకే ఆ ‘ఎ’ల వరస. ఇద్దరి దగ్గరా ఉన్న కోడ్ ఒక్కటే. బిల్డ్‌లో సగం మాత్రం అతని ల్యాప్‌టాప్‌లో ఉండిపోయింది.

ఈ తలనొప్పి ఇప్పటిది కాదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ బిల్డ్ చేసిపెట్టే ‘మేక్’ అనే టూల్ రాశారు. అక్కడ సహోద్యోగి ఒకరు ఓ పూటంతా లేని బగ్గును వెతికారట. తప్పు ఎప్పుడో దిద్దేశారు, ఆ ఫైలు మళ్లీ కంపైల్ కాలేదు (మెషిన్ నడిపే రూపంలోకి మారలేదు), అంతే. మేక్ ఆలోచన ఇదీ: ఏ ఫైలు మారితే ఏది మళ్లీ కట్టాలో మనిషి గుర్తుపెట్టుకోనక్కర్లేదు, ఒక ఫైల్లో రాసి కోడ్ పక్కనే ఉంచాలి. తర్వాత యాంట్, మేవెన్, గ్రాడిల్ అనే బిల్డ్ టూల్స్ వచ్చినా అసలు ఆలోచన అదే.

మేం మేవెన్ పెట్టుకున్నాం. జావా వెర్షన్, లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిన, మేం వాడుకునే కోడ్), ఎన్‌కోడింగ్ అన్నీ మేవెన్ చదివే పామ్ ఫైల్లోకి వచ్చాయి. మేవెన్ పెడితే చాలు అనుకోకండి. ఎన్‌కోడింగ్ లైను రాయకపోతే, జావా 18 కంటే పాతదైతే, అది కూడా మెషిన్ అలవాటు ప్రకారమే పోతుంది. కాకపోతే ‘ఈ బిల్డ్ మెషిన్‌ను బట్టి మారుతుంది’ అని హెచ్చరిస్తుంది. నా ఎక్లిప్స్ ఆ మాత్రం కూడా నోరు విప్పలేదు.

ఇబ్బందులు లేవని అనను. పామ్ ఫైలు రాసే ఎక్స్‌ఎంఎల్ భాష చదవడం కంటికి శిక్ష. మొదటిసారి లైబ్రరీలన్నీ నెట్ నుంచి దిగాలి. వానాకాలం మా వైపు నెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఒకసారి దిగాక ఆఫ్‌లైన్‌లోనూ నడుస్తుంది కాబట్టి అది భరించొచ్చు. కాలేజీ ప్రాజెక్టుకు, ఒక్కరే రాసుకునే ప్రోగ్రాముకు ఐడీఈలో రన్ బటన్ చాలు. రెండో మనిషి గానీ, డబ్బులిచ్చే కస్టమర్ గానీ వచ్చాడంటే ఆ లెక్క మారిపోతుంది.

ఐడీఈని వదులుకోమని ఎవరూ అనడం లేదు. ఎక్లిప్స్, ఇంటెల్లీజే అనే ఐడీఈలు రెండూ పామ్ ఫైలు చదువుకుని ప్రాజెక్టును తెరుస్తాయి. గూగుల్ 2013లో ప్రకటించిన ఆండ్రాయిడ్ స్టూడియో అనే ఐడీఈలో బటన్ నొక్కినా లోపల నడిచేది గ్రాడిలే. ఐడీఈ తయారుచేసేవాళ్లే బిల్డ్‌ను బయటి టూల్‌కు అప్పగిస్తుంటే మనకెందుకు మొహమాటం?

ఇప్పుడు కస్టమర్‌కు వెళ్లే ప్రతి జార్ మా ఆఫీసు మూలనున్న పాత డెస్క్‌టాప్‌లోనే తయారవుతుంది. ప్రతిసారీ పాత ఫోల్డర్ తీసేసి, కోడ్ కొత్తగా దించి, ఒక్క కమాండ్ కొడతాం. ఆ మెషిన్‌లో ఎక్లిప్స్ వేస్తానని మిత్రుడు రెండుసార్లు అడిగాడు. నేను వేయనివ్వలేదు.