మీటరు బోర్డు మార్చే ముందు ఈ పరీక్షలు చేయించండి

కార్లున్నవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. స్పీడోమీటర్, క్రూయిజ్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తొక్కకుండానే కారును ఒకే వేగంలో నడిపే ఏర్పాటు) కలిసి ఆగితే మీటరు బోర్డు (స్టీరింగ్ ముందు స్పీడోమీటర్, దీపాలు ఉండే పలక) పోయినట్టేనట. క్రూయిజ్ ఒక్కటే ఆగితే స్టీరింగ్ బటన్లు చెడినట్టట. బ్రేకు లైట్లు వెలిగితే బ్రేకు స్విచ్చి బాగున్నట్టేనట. ఈ మూడింటినీ నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

రెండూ ఒకేసారి ఆగాయంటే ముందు అనుమానించాల్సింది ఆ రెండింటికీ ఆధారమైన వేగ సంకేతాన్ని. గేర్‌బాక్సు మీది సెన్సరో, చక్రాల దగ్గరి ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్లో దాన్ని పంపుతాయి. అది అందకపోతే ముల్లు లేవదు, ఇంజిన్ కంప్యూటర్ క్రూయిజ్‌ను పట్టనివ్వదు. స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని చదివే పరికరం) తగిలించి, దాన్ని చూడటానికి పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని కారు నడపండి. స్కానర్ 40 చూపిస్తుంటే ముల్లు సున్నా దగ్గరే ఉందా? అప్పుడు మీటరు బోర్డునో, దానికి వచ్చే తీగలనో అనుమానించండి. స్కానర్‌లోనూ సున్నాయే ఉంటే లోపం చాలావరకు సంకేతం కంప్యూటర్‌కు చేరే దారిలోనే, అంటే సెన్సర్‌లోనో దాని తీగల్లోనో ఉంది. వేగ సంకేతంలో లోపముందని చెప్పే పి0500 కోడ్ స్కానర్‌లో వచ్చినంత మాత్రాన సెన్సరే చెడిందనుకోకూడదు. కనెక్టర్‌లోకి దిగిన నీరు, చిలుము పట్టిన పిన్ను, ఎలుక కొరికిన తీగ, వదులైన ఎర్త్ కూడా ఆ కోడ్‌నే తెప్పిస్తాయి. మూడు తీగల హాల్ సెన్సర్ (అయస్కాంత క్షేత్రంలో మార్పును పసిగట్టేది) అయితే ఒకదానిలో సరఫరా, ఒకదానిలో ఎర్త్ ఉండాలి. చక్రం తిరుగుతుంటే మూడోదానిలో వోల్టేజీ లేస్తూ పడుతూ ఉండాలి. ఈమధ్య వీల్ బేరింగ్ మార్పించాక ఏబీఎస్ దీపం వెలుగుతోందా? అయస్కాంతపు రింగు ఉన్న బేరింగ్‌ను తిరగేసి బిగిస్తే ఆ చక్రం నుంచి సంకేతం రాదు.

కొన్ని మోడళ్లలో ఈ సంకేతం మీటరు బోర్డు మీదుగానే కంప్యూటర్‌కు వెళ్తుంది, అక్కడ బోర్డు చెడితే రెండూ ఆగవచ్చు. అందుకే మీ కారు వైరింగ్ పటం చూడనిదే బోర్డు కొనవద్దు. పాత బోర్డు తెచ్చి వేస్తే వేరే కారు తిరిగిన కిలోమీటర్లు మీ మీటరులో కనబడే ప్రమాదమూ ఉంది.

బటన్ల సంగతికొస్తే, హారన్ కూడా మోగక ఎయిర్‌బ్యాగ్ దీపం వెలుగుతుంటే స్టీరింగ్ లోపలి క్లాక్ స్ప్రింగ్ (తిరిగే స్టీరింగ్‌లోని బటన్లకు, హారన్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్ట తీగ) తెగి ఉండవచ్చు. అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, ఇంట్లో విప్పకండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది బ్రేకు స్విచ్చి గురించిన మాట. చాలా కార్లలో అందులో రెండు జతల కాంటాక్టులుంటాయి. పెడల్ తొక్కగానే ఒక జత కలిసి లైట్లు వెలిగిస్తుంది, రెండో జత విడిపోయి క్రూయిజ్‌ను ఆపుతుంది. మొదటిది బాగుండి రెండోది చెడవచ్చు. అప్పుడు లైట్లు చక్కగా వెలుగుతాయి, క్రూయిజ్ మాత్రం పట్టదు. కొన్ని పాత మోడళ్లలో క్రూయిజ్‌కు ఎర్త్ బ్రేకు బల్బుల ఫిలమెంటు గుండానే అందుతుంది. వాటి స్థానంలో ఎల్ఈడీలు పెట్టినా క్రూయిజ్ ఆగిపోతుంది.

ఇవేవీ చూడకుండా కొందరు ఆ రెండో జతను తీగ ముక్కతో కలిపేస్తున్నారు. క్రూయిజ్ పట్టుకుంటుంది, నిజమే. కానీ బ్రేకు తొక్కినా అది వదలకపోవచ్చు. మీ కారులో అలాంటి తీగ ఉంటే ఈరోజే తీయించి, కొత్త స్విచ్చి వేయించండి.