మట్టి ఖర్చుల డబ్బు ఎవరి పెట్టెలో ఉంది?

ఈ ఉగాదికి టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో మన తెలుగు సంఘం కార్యక్రమానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆ నిమిషాన్ని మర్చిపోయి ఉంటారు. పంచాంగ శ్రవణం అయిపోయింది. పిల్లల డాన్సుకి ఆడియో ఇంకా కుదరలేదు. ఖాళీ నింపడానికి నేను మైకు పట్టుకుని "పెద్దవాళ్ళెవరైనా రెండు మాటలు చెప్తారా?" అన్నాను. మాస్టారు లేచారు. ఆశీస్సులు చెప్తారనుకున్నాం.

"అమ్మా, దీపావళి మేళాలో మీరు పెట్టించిన స్టాల్లో మా ఇద్దరికీ ఫ్యూనరల్ ప్లాన్ తీసుకున్నాం. ఏడాదిలో ఆర్నెల్లు నేను తెనాలిలోనే ఉంటాను. అక్కడే పోతే ఆ డబ్బు సంగతేమిటి?"

ఫ్యూనరల్ ప్లాన్ అంటే మన అంత్యక్రియల ఖర్చు బతికుండగానే ముందుగా కట్టేయడం. ఆయన మాటకి కొందరు నవ్వారు. వెనక నుంచి ఎవరో "పండగ పూట ఏంటండీ ఈ మాటలు" అన్నారు. ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నది నేనే. "మాస్టారు నూరేళ్ళు ఉంటారు" అని చప్పట్లు కూడా కొట్టించాను. ఆయన కూర్చుని, ఉగాది పచ్చడి కప్పు చేతిలో పెట్టుకుని, పిల్లల డాన్సు అయ్యేదాకా దాన్ని తాగనే లేదు. ఆ స్టాల్ కంపెనీ దగ్గర స్పాన్సర్‌షిప్ చెక్కు తీసుకున్న కమిటీలో నేనూ ఉన్నాను.

మా నాయనమ్మ అయితే ఈ ప్రశ్నకి నవ్వేది కాదు. ఆవిడ ట్రంకుపెట్టె అడుగున ఒక జరీ చీర, దాని మడతలో డబ్బు ఉండేవి. "నా మట్టి ఖర్చులకి" అని అన్నం తింటూ, పిల్లల ముందే చెప్పేది. ఒకసారి ఆ డబ్బు మా అన్నయ్య కాలేజీ ఫీజుకి పోయింది. ఇంకోసారి గేదెకి జబ్బు చేసి పోయింది. రెండుసార్లూ మళ్ళీ కూడబెట్టింది. పోయిన రోజు అమ్మ పెట్టె తీస్తే చీర, డబ్బుతో పాటు చిన్న కాగితం కూడా ఉంది. పాడె కట్టేవాళ్ళకి ఎంత, డప్పులవాళ్ళకి ఎంత, అంతా నాన్న చేత ఎప్పుడో రాయించి పెట్టుకుంది. చావు మాట ఎత్తడం మన ఆచారం కాదంటారు గానీ, మా ఇంట్లో అదేం లేదు. ఈ అపశకునం భయాలు ఇక్కడికి వచ్చాకే ముదిరాయని నా అనుమానం.

నాయనమ్మ డబ్బు నాయనమ్మ పెట్టెలోనే ఉండేది. మాస్టారి డబ్బు ఎవరి పెట్టెలో ఉందో తెలియదు. సిగ్గేసి, పండగ వెళ్ళిన వారానికి ఆయనింటికి వెళ్ళాను. అమ్మగారు కాఫీ ఇచ్చి ఫైలు తెచ్చారు. ఒక్కొక్కరికి 8,400 డాలర్లు. చూడగానే నా కంట్లో పడ్డది 2,900 డాలర్ల చెక్క శవపేటిక. దహనం చేసేవాళ్ళకి అంత పేటిక దేనికి? పిల్లలు ఒక గంట చూసుకోవడానికైతే అద్దె పేటికలు ఇచ్చే ఫ్యూనరల్ హోములు చాలానే ఉన్నాయి. 1984 నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫ్యూనరల్ రూల్ ప్రకారం, ఆఖరి చూపుల కార్యక్రమం లేకుండా నేరుగా దహనం చేయించుకునేవాళ్ళని పేటిక కొనాల్సిందేనని ఏ ఫ్యూనరల్ హోమూ బలవంతపెట్టకూడదు. మనిషి స్వయంగా వెళ్ళి ధరలు అడిగితే ధరల పట్టిక చేతికి ఇవ్వాలి. ఫోన్లో అడిగినా ధర చెప్పాలి. "అడగలేదమ్మా, మేళాలో ఆ అబ్బాయి తెలుగులో మాట్లాడాడు" అన్నారు మాస్టారు.

పూజారి దక్షిణ, పూలు, డెత్ సర్టిఫికెట్లు 'బయటివాళ్ళకి చెల్లించేవి' అనే పేరుతో వేరే పేజీలో ఉన్నాయి. వాటికి ధర హామీ లేదు. పేటికకి హామీ ఉంది, మంత్రానికి లేదు! తెనాలి మాట వెతకడానికి మాకు గంటన్నర పట్టింది. 60 మైళ్ళు దాటితే రవాణా ఖర్చు కుటుంబానిదే అని ఒక వాక్యం దొరికింది. సముద్రాలు దాటితే ఏమవుతుందో ఎక్కడా లేదు.

ఆ ఫెడరల్ రూల్ ధరల గురించే మాట్లాడుతుంది. ముందుగా కట్టిన డబ్బు ఎవరి దగ్గర ఉండాలన్నది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకుంటుంది. అందుకే న్యూయార్క్‌లో ఉన్న తమ్ముడి మాట విని టెక్సాస్‌లో సంతకం పెట్టకూడదు. న్యూయార్క్‌లో కట్టిన ప్రతి డాలరూ విడిగా ఉంచే ట్రస్టు ఖాతాలోకి వెళ్ళాలి, వడ్డీతో సహా. టెక్సాస్‌లో ట్రస్టు పద్ధతిలో అమ్మితే మొత్తం ధరలో పదో వంతు దాకా అమ్మినవాడు ఖర్చుల కింద ఉంచుకోవచ్చు. అంటే 8,400 డాలర్ల కాంట్రాక్టులో 840 డాలర్లు. రద్దు చేసుకుంటే అవి తిరిగి రావు. ఇన్సూరెన్స్ పద్ధతిలో, అంటే ఆ డబ్బుతో బీమా పాలసీ తీసుకునేలా అమ్మితే లెక్క ఇంకో రకం. రద్దు చేస్తే పాలసీ సరెండర్ విలువే, అంటే మధ్యలో వదులుకుంటే బీమా కంపెనీ ఇచ్చేదే వస్తుంది, మొదటి ఏళ్ళలో అది కట్టినదానికంటే తక్కువ ఉండొచ్చు. మాస్టారిది ఇన్సూరెన్సే. ఆయన మాత్రం ఇన్నాళ్ళూ బ్యాంకులో భద్రంగా ఉందనుకున్నారు.

ఇక్కడ ఈ కాంట్రాక్టులని చూసేది టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ బ్యాంకింగ్. ఫ్యూనరల్ హోములని చూసేది వేరే కమిషన్. అమ్మేవాళ్ళకి బ్యాంకింగ్ శాఖ పర్మిట్ ఉండాలి. మేము స్టాల్ ఇచ్చేముందు పర్మిట్ చూపించమన్నామా? బిర్యానీ కేటరర్ని మాత్రం హెల్త్ పర్మిట్ అడిగాం.

నిబంధనలుంటే చాలా అంటే చాలవు. నేషనల్ ప్రీఅరేంజ్డ్ సర్వీసెస్ అని మిస్సోరీలో ఇలాంటి ప్లాన్లే అమ్మే ఒక కంపెనీ ఉండేది. దాని బీమా కంపెనీ మన ఆస్టిన్‌లోనే. 2008లో రెండూ కూలిపోయాయి. దాదాపు లక్ష మంది ప్లాన్లు గాల్లో పడ్డాయి. చాలామందికి, బీమా కంపెనీ మునిగితే ఆదుకునే గ్యారంటీ సంఘాలు అండగా నిలిచాయి, చాలా ఫ్యూనరల్ హోములు నష్టానికే కార్యక్రమాలు జరిపించాయి. మిస్సోరీ మరుసటి ఏడాది చట్టం మార్చింది. కంపెనీ పెట్టిన ఆయనకి 2013లో తొమ్మిదేళ్ళకి పైగా జైలు పడింది. చీటీల పాటలో మునిగినవాళ్ళ కథలు మన అందరి ఇళ్ళల్లోనూ ఉన్నాయి కదా, అలాంటిదే ఇదీ. చీటీ వేసేముందు ఫోర్‌మన్ ఎవరు, రిజిస్టర్ అయిందా అని పదిమందిని వాకబు చేసే మనం ఇక్కడ 8,400 డాలర్లకి ఐప్యాడ్ మీద వేలితో సంతకం పెడుతున్నాం.

అలాగని ఈ ప్లాన్లన్నీ మోసమని నేననను. పోయిన శీతాకాలంలో కూపర్టినోలో ఉండే ఒకబ్బాయి వాళ్ళ నాన్న ఇక్కడ హఠాత్తుగా పోతే, రాత్రి రెండింటికి ఫోన్లో బేరం చేయలేక చెప్పినంతా కట్టాడు. పన్నెండు వేల పైచిలుకు. ముందే రాసి ఉంటే ఆ రాత్రి ఆ పిల్లాడికి ఏడ్చుకోవడానికైనా తీరిక దొరికేది. వీసా పిల్లలకి ఏదైనా జరిగితే తానా (ఇక్కడి తెలుగు సంఘం) అత్యవసర సహాయ బృందం టీమ్ స్క్వేర్ వాళ్ళు, మన వాలంటీర్లు అర్ధరాత్రి పరిగెడతారు, గోఫండ్‌మీలో చందాలు పోగుచేస్తారు. ఎనభై ఏళ్ళ తల్లిదండ్రుల విషయంలో మాత్రం "అప్పుడు చూసుకుందాం" అంటాం. కాబట్టి ప్లాన్ ఉండటం మంచిదే. నా గొడవంతా దాన్ని మేళాలో, చాట్ బండికీ నగల స్టాల్‌కీ మధ్యలో అమ్మనిచ్చిన మనతోనే.

కమిటీకి నా మనవి. ఇక ఫ్యూనరల్ కంపెనీ స్పాన్సర్‌షిప్ తీసుకోవద్దు. నా మాట చెల్లకపోతే కనీసం పర్మిట్ నంబరు స్టాల్ బోర్డు మీద రాయించండి, సంతకాలు ఆ రోజు పెట్టించకండి, కాగితాలు ఇంటికి పంపించండి. ఆగస్టు సీనియర్స్ మీటింగులో పాటల పోటీ ఒకటి తగ్గించి గంటన్నర ఇవ్వండి. ఎస్టేట్ లాయర్ ఒకరు, మన పూజారి గారు ఒకరు వస్తే చాలు. రద్దు చేస్తే ఎంత వస్తుంది, పిల్లలతో నార్త్ కెరొలినా వెళ్ళిపోతే ఏం చేయాలి, దహనం మొదలుపెట్టే బటన్ కొడుకు, కూతురు నొక్కడానికి విడిగా ఎంత అడుగుతారు, కర్మకి గది ఎన్ని గంటలిస్తారు, ఇవన్నీ గట్టిగా, తెలుగులో మాట్లాడుకుందాం. నొచ్చుకునేవాళ్ళు బయట టీ తాగి రావచ్చు.

మాస్టారు వస్తానన్నారు. కంపెనీకి ఆయన రాసిన ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు, జూన్లో తెనాలి టికెట్ ఉంది. "ఆగస్టుకి తిరిగొచ్చేస్తానమ్మా, మొదటి ప్రశ్న నాదే" అన్నారు. ఈసారి మైకు ఆయన దగ్గరే ఉంటుంది.