అది కాలం చేసిన పని కాదండీ

మొన్న ఒక ఫొటోల గ్రూపులో ఒకాయన మెల్‌రోజ్ ఆబీ ఫొటో పెట్టారు. ఆబీ అంటే క్రైస్తవ సన్యాసుల మఠం. 1844లో స్కాట్లండ్‌లో తీసిన ఫొటో. దాన్ని ఏఐతో "శుభ్రం" చేయించారట. పచ్చటి గడ్డి, నీలాకాశం, నిన్ననే కడిగినట్టున్న రాళ్ళు. కింద "కాలం చేసిన గాయాలకు మౌనసాక్షి" అని ఒక రాత. లైకులే లైకులు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ముందు ఆ "కాలం" సంగతి చూద్దాం. 1136లో మొదలైన మఠం అది. 1322లో ఇంగ్లండు సైన్యం దోచుకుంది. 1385లో మళ్ళీ వచ్చి తగలబెట్టింది. సన్యాసులు తరాల తరబడి తిరిగి కట్టుకున్నారు. 1540ల్లో అదే ఇంగ్లండు సైన్యం ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాత స్కాట్లండ్ క్యాథలిక్ పద్ధతి వదిలి ప్రొటెస్టెంట్ అయిపోయి, మఠానికి దిక్కు లేకుండా పోయింది. చుట్టుపక్కల జనం రాళ్ళు పీక్కెళ్ళి ఇళ్ళు కట్టుకున్నారు. 17వ శతాబ్దంలో ఆ శిథిలం మధ్యనే ఒక మొద్దు కప్పు వేసి ఊరి చర్చిగా వాడుకున్నారు, 1810 దాకా. ఇందులో కాలం చేసిందేమిటి? గడిచింది, అంతే. చేసిందంతా మనుషులే. పేర్లున్న మనుషులు.

ఇక ఫొటో. తీసింది హెన్రీ ఫాక్స్ టాల్బట్. కాగితం మీద నెగటివ్ తీసే పద్ధతిని కనిపెట్టింది ఆయనే. ఆయన సొంత ఇల్లు లేకాక్ ఆబీ కూడా ఒకప్పుడు సన్యాసినుల మఠమే! పద్ధతి వింటే వంటింటి పనిలా ఉంటుంది. కాగితానికి వెండి లవణాలు పట్టించి, గాలిక్ ఆమ్లం కలిపిన ద్రావణం పూయాలి. (మన కలంకారీ వాళ్ళు బట్టకు పట్టించే కరక్కాయలోనూ ఈ ఆమ్లం ఉంటుంది.) కెమెరాలో పెట్టి నిమిషాల తరబడి ఆగాలి. అలా వచ్చిన నెగటివ్‌ను, ఉప్పునీళ్ళలో ముంచి వెండి నైట్రేట్ పూసిన ఇంకో కాగితం మీద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ దిగుతుంది. అందుకే గీతలు కాస్త అలుక్కుపోయి, కాగితపు నార కూడా బొమ్మలోకి వచ్చేస్తుంది. అన్ని నిమిషాలు పడుతుంది గనక, కెమెరా ముందు నుంచి ఎవరైనా నడిచి వెళ్ళినా కాగితం మీద పడరు. "ఎంత ప్రశాంతమో" అని కామెంట్లు పెట్టేవాళ్ళు ఇది కాస్త గుర్తుపెట్టుకోండి.

అసలు టాల్బట్ అక్కడికెందుకు వెళ్ళాడు? నవలాకారుడు వాల్టర్ స్కాట్ మీద జనానికున్న పిచ్చి వల్ల. 1805లో స్కాట్ కవిత్వం ఈ మఠాన్ని వెన్నెల్లో చూడాల్సిన చోటుగా మార్చేసింది. ఆయన 1832లో పోయాడు. ఫొటోగ్రఫీ సంగతి లోకానికి తెలిసింది 1839లో. అంటే ఆయనకు ఫొటో అంటూ లేదు. ఆయన తిరిగిన చోట్లనే ఫొటోలు తీసి, 23 బొమ్మలతో 1845లో "సన్ పిక్చర్స్ ఇన్ స్కాట్లండ్" అని పుస్తకం వేశాడు టాల్బట్. వివరణ ఒక్క ముక్క లేదు, బొమ్మలే.

నాకు బాగా నచ్చేది, బాధగానూ ఉండేది ఈ తర్వాతి కథ. టాల్బట్ ప్రింట్లు తయారయింది ఇంగ్లండులో రెడింగ్ అనే ఊళ్ళో. ఆ ప్రింట్ల పని నడిపింది నికొలాస్ హెన్నెమన్, ఒకప్పుడు టాల్బట్ దగ్గర పనివాడు. హైపో, అంటే బొమ్మ చెరగకుండా నిలబెట్టడానికి వాడే రసాయనం, పూర్తిగా పోయేదాకా కాగితాన్ని కడుగుతూనే ఉండాలి. మన పాత స్టూడియోల వాళ్ళను అడగండి, చెప్తారు. అక్కడ అది సరిగ్గా కుదరలేదు. 1846లో ఒక పత్రికలో అంటించడానికి వేల కొద్దీ ప్రింట్లు చేసిచ్చారు, అవి కళ్ళముందే వెలిసిపోయాయి. రాళ్ళను శాశ్వతంగా నిలబెడతామన్న కాగితం, రాళ్ళకంటే ముందు శిథిలమైంది. మెల్‌రోజ్ గోడలు మాత్రం ఇంకా అలాగే ఉన్నాయి. ఆ వెలిసిన గోధుమ రంగులో హెన్నెమన్ తొట్టెలున్నాయి, నీళ్ళ లోటుంది. మీ యాప్ వాటినే చెరిపేసింది.

మన హంపీకీ ఇలాంటి కాగితం నెగటివ్‌లున్నాయి. 1856లో గ్రీన్‌లా అనే మద్రాసు సైన్యపు అధికారి తీశాడు. వాటికీ రేపు నీలాకాశం అద్దుతారేమోనని నాకు భయం.

ఇంత కోపం ఎందుకంటే, పోయినేడు మా తాతయ్య ఫొటో ఒక స్టూడియోకిచ్చాను, చిరుగు ఒక్కటి సరిచేయమని. చిరుగుతోపాటు ఆయన మొహం మీది మశూచి మచ్చలూ తీసేశారు. బుగ్గలు నున్నగా చేసి, వెనకాల ఒక తెర కూడా వేశారు. నాయనమ్మ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. "ఈయనెవర్రా?" అంది. మర్నాడు దండ తీయించి, ఫ్రేములో ఆ చిరిగినదే పెట్టించింది.