మాస్టారు మోసపోలేదు, నన్ను నమ్మారు

మొన్న మన అసోసియేషన్ మహాసభల తర్వాత పెట్టిన థాంక్స్ మీటింగ్‌కి మీలో చాలామంది వచ్చారు కాబట్టి అక్కడ ఏమైందో కొత్తగా చెప్పక్కర్లేదు. స్టేజి మీద నుంచి ఒకరు "ఇంత చదువుకున్నవాళ్ళు కూడా ఒక మెసేజ్ చూసి డబ్బులు పంపేస్తే ఎలాగండీ" అన్నారు, హాలంతా నవ్వింది, అలా డబ్బు పంపి మోసపోయిన మాస్టారు మూడో వరసలో కూర్చుని తల దించుకున్నారు. ఆ నవ్వు నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఎందుకంటే ఆ మెసేజ్ వెళ్ళింది నా నంబర్ నుంచి.

రెండో రోజు రిజిస్ట్రేషన్ డెస్క్ నాది. పొద్దున్నే బ్యాడ్జీల లిస్టు మారింది, మన ప్రింటర్ మొరాయించింది, క్యూ చూస్తే గుమ్మం దాటిపోయింది. లాబీలో గెస్టులందరూ వాడుకునే కంప్యూటర్ ఒకటుంటే పరిగెత్తుకెళ్ళి వాట్సాప్ వెబ్ తెరిచి, ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, గ్రూపులో ఉన్న ఫైల్ దించుకుని ప్రింట్ తీశాను. కాగితాలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి, ఇంతలో వెనక నుంచి "అక్కా తొందరగా" అని కేక, విండో మూసేసి వచ్చేశాను. లాగౌట్ చెయ్యలేదు. విండో మూయడం, లాగౌట్ చెయ్యడం ఒకటి కాదని నాకు తెలుసు కూడా.

సాయంత్రం ప్రోగ్రాముల మధ్యలో ఫోన్ తీస్తే మాస్టారి చాట్ పైనే ఉంది. నేను రాయని మెసేజ్, నా వైపు, నీలం టిక్కులతో. "మాస్టారూ, చిన్న సాయం కావాలి, స్టేజి దగ్గరున్నా, ఫోన్ ఎత్తలేను." వాడెవడో కూర్చుని నా పాత చాట్లన్నీ చదువుకున్నాడు, నేను ఆయన్ని ఏమని పిలుస్తానో చూసుకుని అలాగే పిలిచాడు. ప్రోగ్రాం షెడ్యూల్ కూడా గ్రూపులోనే ఉంది కదా, ఆ టైముకి నేను నిజంగానే స్టేజి దగ్గరున్నాను. నా నంబర్, నా పిలుపు, నేనున్న చోటు అన్నీ సరిపోయాక ఆయన ఇంకేం అనుమానించాలి, మీరే చెప్పండి.

సెట్టింగ్స్‌లోకి వెళ్ళి లింక్డ్ డివైసెస్ చూస్తే ఆ కంప్యూటర్ యాక్టివ్‌గానే ఉంది. లాగౌట్ నొక్కడానికి ఐదు సెకన్లు కూడా పట్టలేదు, పొద్దున నేను మిగుల్చుకున్నది ఆ ఐదు సెకన్లే. అక్కడ నాలుగు డివైసుల దాకా లింక్ చేసుకోవచ్చు, ఒకసారి లింక్ అయ్యాక మన ఫోన్ ఆఫ్‌లో ఉన్నా అది నడుస్తూనే ఉంటుంది, ఫోన్ 14 రోజులకి పైగా వాడకుండా పక్కన పడుంటే తప్ప దానంతటది తెగదు. ఇది చదువుతూనే ఒకసారి మీ లిస్టు తెరిచి చూడండి, మీరు ఎరగని పేరు ఏదైనా కనిపిస్తే తీసేయండి.

తర్వాత చాలామంది "ఆ వెన్యూ వైఫై వల్లే" అన్నారు. ఆ భయం ఉత్తిది అనను. 2010లో ఫైర్‌షీప్ అని ఒక బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వచ్చింది, పాస్‌వర్డ్ లేని వైఫైలో పక్కవాడి ఫేస్‌బుక్ అకౌంట్‌లోకి రెండు క్లిక్కుల్లో దూరిపోవచ్చని దాన్ని రాసిన ఎరిక్ బట్లర్ అందరికీ చూపించాడు, అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీని మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే పక్కవాడు చదవలేని కోడ్‌లోకి మార్చి, మిగతాది తెరిచి ఉంచేవి. ఇప్పుడలా కాదు, సైట్‌తో మన మధ్య నడిచేదంతా ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్ మామూలైపోయింది, పక్కన కూర్చున్నవాడికి మీరు ఏ సైట్‌కి వెళ్ళారో తెలియొచ్చు గానీ అందులో ఏం చేశారో కనపడదు. బయట నిజంగా జాగ్రత్తపడాల్సింది వేరే. హోటల్ వైఫై పేరే పెట్టి ఎవరైనా సొంత హాట్‌స్పాట్ నడపొచ్చు, దాంట్లోకి వెళ్ళగానే వచ్చే పేజీ మీ ఈమెయిల్ పాస్‌వర్డ్ అడిగిందంటే అక్కడితో ఆగిపోండి, రూమ్ నంబర్ అడగడం వేరు, ఈమెయిల్ పాస్‌వర్డ్ వేరు. సైట్ అసలుదేనని చూపించే సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజర్ హెచ్చరిస్తే విసుక్కుని ముందుకి నొక్కేయకండి. బ్యాంకు పనికి మొబైల్ డేటా నయం. మన ఇంటర్నెట్ వాడకాన్నంతా ఎన్‌క్రిప్ట్ చేసి తన సర్వర్ మీదుగా పంపే వీపీఎన్ మంచిదే, కాకపోతే వైఫై వాడి మీద పెట్టే నమ్మకాన్ని వీపీఎన్ కంపెనీ మీద పెడుతున్నట్టు, ఊరికే వచ్చిందని ఏది పడితే అది వేసుకోకూడదు. ఓటీపీ వచ్చే సిమ్ ఇంట్లో వదిలేసి ప్రయాణం కట్టేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ తర్వాత అవతల నుంచి ఎవరో ఓటీపీ చదివి చెప్పడం, ఈయన పదిమందిలో గట్టిగా మళ్ళీ చెప్పడం. బయల్దేరకముందే, ఆ సదుపాయం ఉన్న అకౌంట్లకి, సిమ్ లేకపోయినా ఫోన్‌లోనే కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్ పెట్టుకుని, అదీ అందకపోతే వాడుకునే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకుంటే ఈ అవస్థ ఉండదు.

మనిళ్ళల్లో ల్యాప్‌టాప్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, ఫోన్ లాక్ పిల్లలకీ తెలుసు, ఒకే పాస్‌వర్డ్ అందరిదీ. దాన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, ఇంట్లో ఒకరి దగ్గర ఒకరు దాచుకోకపోవడం మంచి అలవాటే. గడప దాటాక కూడా చేతులు అదే అలవాటుతో పనిచేస్తాయి, ఆ పొద్దున నా చేతులు చేసింది అదే.

కమిటీవారికి నా మనవి. వచ్చే సభలకి ప్రింటింగ్ కోసమే అసోసియేషన్ ల్యాప్‌టాప్ ఒకటి, పనిచేసే ప్రింటర్ ఒకటి పెట్టండి. వెన్యూ వైఫై అసలు పేరు బ్యాడ్జీ వెనక అచ్చు వేయించండి. వాలంటీర్లకి డ్యూటీలు పంచే రోజే లాగౌట్ సంగతి కూడా చెప్పండి, నేను వచ్చి చెబుతాను. ఇంకోటి, ఇది అన్నిటికన్నా ముందు. డబ్బు పోగొట్టుకున్న మనిషిని చూసి నవ్వితే రేపు ఇంకొకరు తమకి జరిగింది బయటికి చెప్పరు, మాస్టారు వెంటనే నోరు విప్పారు కాబట్టే నేను మిగతావాళ్ళకి ఫోన్లు చేసి ఆపగలిగాను.

ఆ మీటింగ్ తర్వాత ఆయన మళ్ళీ రాలేదు. నేను వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను, "నీదేముందమ్మా" అన్నారు గానీ వస్తానని మాత్రం అనలేదు. ఆ రోజు స్టేజి మీద మాట్లాడినవారు, కమిటీ నుంచి ఇంకొకరు, ఒక్కసారి ఆయనింటికి వెళ్ళి పిలవండి. ఏ రోజైనా సరే, నేనూ మీతో వస్తాను.